నల్ల పిల్లిని వాటర్‌కలర్‌లో వేస్తే ముద్దలా వస్తోంది, కాగితం ముడుచుకుంటోంది: ఏం మార్చాలి?

చిత్తుపుస్తకం అడిగారు:

అందరికీ నమస్కారం. మా ఇంటి నల్ల పిల్లి బొమ్మలతో పోస్ట్‌కార్డు సైజులో (10 × 15 సెం.మీ.) కార్డులు వేస్తున్నాను. బియ్యం డబ్బా మీద తోక వేలాడేసుకుని కూర్చోవడం, ఇస్త్రీ బట్టల మీద ముడుచుకుని పడుకోవడం, కుండీలో దూరి మట్టి తవ్వడం, ఇలా రోజుకో భంగిమ దొరుకుతుంది. వాడుతున్నవి: ట్యూబు నల్ల రంగు, 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) స్టూడెంట్ కాగితం, 6వ నంబరు రౌండ్ బ్రష్. ఉండేది సికింద్రాబాద్‌లో, టేబుల్ కిటికీ పక్కనే.

మూడు చిక్కులున్నాయి. ఒకటి, పిల్లి ఒంటి గుండ్రదనం కనబడక కత్తిరించి అతికించిన నల్ల కాగితంలా ఉంటోంది. రెండు, ఈ వానల్లో కాగితం అలలు తిరిగిపోతోంది. మూడు, పిల్లి వచ్చి బ్రష్‌లు కడిగిన నీళ్లలో మూతి పెడుతోంది. ఏ రంగులు ప్రమాదమో తెలిసినవాళ్లు చెప్పగలరా?

రంగులపెట్టె:

మొదటి చిక్కుకు నా జవాబు. ముందు ఆ నల్ల ట్యూబు పక్కన పెట్టేయండి. లేబుల్ మీద పీబీకే6 (PBk6) అనే పిగ్మెంట్ కోడ్, అంటే రంగుపొడి గుర్తు, ఉంటే అది మసి రంగు. చిక్కగా వేస్తే కాగితపు తెలుపును పూర్తిగా కప్పేస్తుంది, అందుకే చదునుగా కనబడుతుంది. దాని బదులు అల్ట్రామెరీన్ నీలం (పీబీ29), బర్న్ట్ సియన్నా (పీబీఆర్7) దాదాపు సమంగా, తక్కువ నీళ్లతో కలపండి. దాదాపు నల్లటి ముదురు రంగు వస్తుంది. నీలం పెంచితే చల్లటి బూడిద, సియన్నా పెంచితే తుప్పు ఛాయ. నల్ల పిల్లిని కిటికీ దగ్గర గమనించండి: వీపు పైభాగం ఆకాశాన్ని పట్టుకుని నీలంగా మెరుస్తుంది, నేరుగా ఎండ పడినచోట బొచ్చు గోధుమ ఎరుపు చూపిస్తుంది. ఈ రెండు ఛాయలూ ఆ ఒక్క మిశ్రమంలోనే ఉన్నాయి. పేన్స్ గ్రే అనే ముదురు బూడిద రంగు కొనేముందు మాత్రం లేబుల్ చూడండి, చాలా కంపెనీలు అందులో నలుపే కలుపుతాయి.

ఇక వేసే వరస. పెన్సిల్‌తో చాలా పలచగా గీసి, వెలుగు పడిన ఆకారాలను కూడా గీతతో చుట్టేయండి: చెవి అంచు, కనుబొమ్మ ఎముక, భుజం, వెన్ను. మొదటి వాష్ (రంగు నీళ్ల పూత) బాగా పలచటి నీలి బూడిద. కళ్లు, ఆ సన్నని వెలుగు చీలికలు వదిలేసి ఒళ్లంతా పరచండి. పూర్తిగా ఆరాలి. చేతి వెనకవైపు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. రెండో వాష్ మధ్యస్థం. మొదటి వాష్‌లో మూడో వంతు తాకకుండా వదలాలి. ఆకారానికి ఒక అంచు గట్టిగా ఉంచి, రెండో అంచును తడి పిండేసిన శుభ్రమైన బ్రష్‌తో మెత్తబరచండి. గుండ్రదనం వచ్చేది ఇక్కడే. మూడోది అసలు నలుపు, ఆ మిశ్రమమే చిక్కగా. అది గడ్డం కింద, చెవుల మొదళ్లలో, పొట్ట కింద, కాళ్ల సందుల్లో మాత్రమే.

చాలామంది తడబడేది ఈ మూడో వాష్‌లోనే. వాటర్‌కలర్ ఆరాక లేతబడుతుంది, ముదురు రంగుల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. అందుకని చిక్కదనం కంటికి ఎక్కువ అనిపించేంత ఉండాలి, ఒకేసారి వేసి వదిలేయాలి. చాలలేదని సగం తడిలో మళ్లీ నీళ్ల బ్రష్ పెడితే ఆ నీళ్లు రంగును పక్కలకు నెట్టి కాలీఫ్లవర్ అంచుల మరకలు తెస్తాయి.

బొచ్చు వెంట్రుక వెంట్రుకా గీయకండి. చెంప, ఛాతీ, తోక కొస, మడిచిన మోచెయ్యి, ఈ నాలుగు చోట్ల అంచు చెదిరితే చాలు, మిగతా బొచ్చును కన్ను పూరించుకుంటుంది.

కన్ను విడిగా చెప్పాలి, నల్ల పిల్లి బొమ్మకు ప్రాణం అక్కడే. ముందు కన్నంతా లేత పసుపుపచ్చ. ఆరాక పై రెప్ప కింద సన్నటి నీడ పట్టీ. ఇది లేకపోతే పిల్లి ఉలిక్కిపడ్డట్టు కనిపిస్తుంది. పగటి వెలుతురులో కనుపాప నిలువు చీలికలా ఉంటుంది. మెరుపు చుక్క పాప అంచు మీద, సగం పాపలో సగం పసుపులో పడాలి. ఆ చుక్కకు ఎదురుగా ఉన్న వైపు పసుపు కాస్త కాంతివంతంగా ఉంచండి, వెలుగు లోపలికి దూరి తేలేది అటువైపే.

మల్కాజిగిరి పిచ్చుక:

కాగితం సంగతి. తడి తగిలినచోట పీచు ఉబ్బుతుంది, పొడిగా ఉన్నచోట ఉబ్బదు. ఆ లాగులాటకే అలలు వస్తాయి. 200 జీఎస్ఎం మీద మూడు వాష్‌లు పడవు. 300 జీఎస్ఎం, నూరు శాతం కాటన్, కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకు ఉపరితలం ఉన్నది) తీసుకోండి. విడి కార్డుల ప్యాక్ కంటే 56 × 76 సెం.మీ. పెద్ద షీటు కొనుక్కోవడం నయం, మీ సైజుకు 25 కార్డులు వస్తాయి. మడత పెట్టి, గోటితో రెండు వైపులా నొక్కి, స్కేలు అంచుకు ఆనించి చింపితే చక్కటి పీచు అంచు కూడా వస్తుంది.

నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో అట్టకు బిగించి వేయండి. పూర్తిగా ఆరాక టేపును బొమ్మకు దూరంగా, కాగితానికి దగ్గరగా పడుకోబెట్టినట్టు లాగాలి. నిటారుగా పైకి లాగితే కాగితం పొర లేచి వస్తుంది. మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్ గాలి కాస్త చూపించండి, జిగురు వదులుతుంది. ఇప్పటికే ముడుచుకున్న కార్డులను పారేయకండి: వెనకవైపు తడి స్పాంజితో ఒక్కసారి తుడిచి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచండి.

మన ఊళ్లో కాలాన్ని బట్టి పద్ధతి మార్చుకోక తప్పదు. వానాకాలంలో వాష్ ఎంతకీ ఆరదు. డ్రయ్యర్ వాడొచ్చు గానీ కాగితం మీద నీటి మెరుపు పోయాకే, అడుగు దూరం నుంచి. ముందే పెడితే గాలి రంగు మడుగును తోసేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో దీనికి పూర్తిగా తిరగబడుతుంది. బ్రష్ రెండో కొసకు చేరేలోపు మొదటి కొస ఆరిపోయి గట్టి గీత పడుతుంది. అప్పుడు ఫ్యాన్ ఆపి, వాష్ పడే భాగాన్ని ముందే శుభ్రమైన నీళ్లతో తడపాలి.

ఇంకో మాట: రంగు అద్దుడు కాగితం మీద పడ్డట్టు ఇంకిపోయి చుక్కలు చుక్కలుగా కనబడితే తప్పు మీ చేతిది కాదు, తేమకు కాగితంలోని సైజింగ్ (రంగు వెంటనే ఇంకకుండా ఆపే జిగురు) చెడిపోయింది. వాడని కాగితాన్ని జిప్ కవర్లో రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, బయటి గోడకు ఆనని చోట దాచండి.

కుట్టుపని:

మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. వాటర్‌కలర్‌లో రంగును పట్టి ఉంచేది ప్రధానంగా తుమ్మబంక జాతి జిగురు, దానితో పెద్ద భయం లేదు. జాగ్రత్త పడాల్సింది పిగ్మెంట్ల విషయంలో. పేరులో కాడ్మియం (పీవై35, పీఆర్108 లాంటివి), కోబాల్ట్ (పీబీ28) ఉన్న రంగులను పిల్లి తిరిగే టేబుల్ మీద పెట్టకండి. పేరు చివర 'హ్యూ' అని ఉంటే సాధారణంగా ఆ లోహం లేని ప్రత్యామ్నాయమే, అయినా కోడ్ చూసి నిర్ధారించుకోండి. రంగులపెట్టె గారు చెప్పిన రెండు రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ లేవు. అంతమాత్రాన ఆ నీళ్లు తాగనివ్వొచ్చని కాదు.

పిల్లి తాగే నీళ్ల కంటే నాకు దాని పాదాల గురించి భయం. పాలెట్ మీద అడుగేస్తే ఆ రంగంతా నాకి శుభ్రం చేసుకుంటుంది, అంటే నేరుగా కడుపులోకే. లేచి వెళ్లేటప్పుడు పాలెట్‌కు మూత, నీళ్లకు మూతున్న సీసా. అడుగు వెడల్పుగా ఉన్న బరువైనది చూడండి, తోక తగిలితే పడదు. తెలుపు వదలాల్సిన చోట పూసి తర్వాత ఒలిచేసే మాస్కింగ్ ఫ్లూయిడ్‌లో అమ్మోనియా ఉంటుంది, టర్పెంటైన్ ఇంకా ప్రమాదం. ఈ రెండూ తలుపున్న అల్మారాలోకి.

కార్డులకు దారంతో కుట్లు కూడా వేస్తుంటే, సూదీ దారం ఒక్క నిమిషం కూడా వదలకండి. మింగిన దారం పేగును కుచ్చులా ముడిచి కోసేస్తుంది. నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం కొస వేలాడుతుంటే లాగొద్దు, వెంటనే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

చిత్తుపుస్తకం:

అందరికీ ధన్యవాదాలు. రెండు అడగాలి. మీసాలకు మాస్కింగ్ ఫ్లూయిడ్ వాడాలా, తెల్ల రంగా? ఇంకొకటి, చేర్యాల మాస్కుల పద్ధతిలో ఇదే పిల్లి మొహం చేసి గోడకు తగిలించాలని ఉంది. ఇంట్లో అయ్యే పనేనా?

రంగులపెట్టె:

మీసాలకు ఫ్లూయిడ్ వద్దు. తీశాక మిగిలే తెల్ల గీత రెండు కొసలా ఒకే మందంతో మొద్దుగా ఉంటుంది. తెల్ల గ్వాష్ (కింది రంగును కప్పేసే చిక్కటి నీటి రంగు) వాడండి, అదీ టైటానియం తెలుపు (పీడబ్ల్యూ6). చైనీస్ వైట్ అంటే జింక్ తెలుపు (పీడబ్ల్యూ4), సగం పారదర్శకం, నలుపు మీద ఆరాక కనబడకుండా పోతుంది. పలచటి మజ్జిగంత జారుగా కలిపి, పొడవు వెంట్రుకల రిగ్గర్ బ్రష్‌తో మొదలు నుంచి కొసకు ఒక్క విసురులో లాగి చివర్లో ఎత్తేయండి. పిల్లికి ఒక్కో వైపు సుమారు 12 మీసాలు, నాలుగు వరసల్లో ఉంటాయి. బొమ్మలో ఐదారు చాలు. మీసం చెంప దాటి తెల్ల కాగితం మీదికి వెళ్లాక మాయమవుతుంది కాబట్టి, మొహం పక్కన లేత రంగు నేపథ్యం ముందే వేసి ఉంచాలి.

చింతచెట్టు కింద:

మాస్కు ఇంట్లో అవుతుంది, ఓపిక ఉంటే. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు చేసేది రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో. ఇంటికి సరిపడా ఇలా చేసుకోవచ్చు.

పావుకిలో చింతగింజలు పైతొక్క పగిలేదాకా వేయించి, దంచి తొక్క తీసేయండి. రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి సన్న సెగ మీద కలుపుతూ ఉడికించండి. గరిటెకు అంటుకుని మెల్లగా జారే పాకం రావాలి. వడ్రంగి దగ్గర తెచ్చిన పొట్టును జల్లెడ పట్టి, రెండు వంతుల పొట్టుకు ఒక వంతు జిగురుతో మొదలుపెట్టి, వేళ్ల మధ్య నొక్కితే అంచు పగలని ముద్ద అయ్యేదాకా జిగురు పెంచుతూ కలపండి. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొట్టు వద్దు, అందులో రెసిన్ జిగురు ఉంటుంది.

నూనె రాసిన కొబ్బరి చిప్ప మీద అర సెంటీమీటరు మందాన పరచండి. మూతి, చెవులు మొహం తడిగా ఉన్నప్పుడే అతకాలి. ఆరిన దానికి తడిది అతికితే, తడిది కుంచించుకుని ఊడిపోతుంది. అతికే చోట రెండు వైపులా పుల్లతో గీతలు పెట్టి జిగురు రాయండి. నీడలోనే ఆరనివ్వాలి, ఎండలో పెడితే పైపొర ముందు బిగుసుకుని పగుళ్లిస్తుంది. వానాకాలంలో బూజు పడుతుంది, ఫ్యాన్ కింద జాలీ మీద పెట్టి అటూ ఇటూ తిప్పుతుండాలి. కుదిరితే ఈ పని చలికాలానికి వాయిదా వేయండి.

ఆరాక పాత నూలుబట్ట పేలికలు అదే జిగురుతో అతికించి, గరుకు కాగితంతో రుద్ది, తుమ్మబంక నీళ్లలో కలిపిన సుద్ద మూడు పలచటి పూతలు. మందంగా ఒకే పూత వేస్తే పెచ్చులూడుతుంది. రంగులు దాని మీదే.

జిగురుకు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపమని చాలామంది చెబుతారు. అది విషం. పిల్లి ఉన్న ఇంట్లో కలపొద్దు. జిగురు ఏ రోజుకు ఆ రోజు ఉడికించుకోండి, మిగిలితే ఫ్రిజ్‌లో రెండు రోజులే.

కుట్టుపని:

మాస్కుకు మీసాలుగా నైలాన్ దారం, చీపురు పుల్లలు గుచ్చకండి, పిల్లి వాటినే ముందు పీకి నములుతుంది. తెల్ల రంగుతో గీసేయండి. తగిలించేది కూడా దాని గెంతుకు అందని గోడకు, కింద అల్మారా గానీ కుర్చీ గానీ లేనిచోట.