అప్‌డేట్: నాన్నగారి రేషి క్యాప్సూల్స్ సంగతి

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వేసుకునే నాన్న రేషి పుట్టగొడుగు క్యాప్సూల్స్ కూడా వాడొచ్చా అని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే కంపెనీ నుంచి ల్యాబ్ రిపోర్ట్ తెప్పించాను. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం అన్నీ పరిమితిలోనే ఉన్నాయి. తీరా చూస్తే బ్యాచ్ నంబర్ మా డబ్బాది కాదు! పైగా 'పాలీశాకరైడ్లు 30%' (అంటే చక్కెర అణువుల పొడవాటి గొలుసులు) అన్నారే గానీ, అందులో పుట్టగొడుగు నుంచి రావాల్సిన బీటా గ్లూకాన్ ఎంతో రాయలేదు. బియ్యప్పిండిలో ఉండే స్టార్చ్ కూడా పాలీశాకరైడే కదండీ. ఒక క్యాప్సూల్ విప్పి, పొడిని నీళ్లలో మరిగించి, చల్లారాక టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేశాను. సిరాలా నల్లబడింది, అంటే స్టార్చ్ ఉన్నట్టే.

డాక్టరుగారైతే రిపోర్ట్ వైపు చూడను కూడా లేదు. వార్ఫరిన్‌తో రేషి కలిస్తే రక్తస్రావం కావచ్చు, ముందు క్యాప్సూల్స్ ఆపేసి ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష) చేయించమన్నారు. రేపు పొద్దున్నే శాంపిల్ ఇస్తున్నాం. డబ్బా మాత్రం నాన్న పారేయనివ్వడం లేదు, 1,800 పెట్టి కొన్నారట మరి.