సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కి కారులో: రాత్రికి రాత్రి వద్దు

వెస్ట్‌మీడ్ నుంచి:

అందరికీ నమస్కారం. సిడ్నీలోని వెస్ట్‌మీడ్‌కి వచ్చి మూడు నెలలైంది. అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చారు. అక్టోబర్ లాంగ్ వీకెండ్‌కి అద్దె కారు తీసుకుని నలుగురం మెల్‌బోర్న్ వెళ్ళొద్దామనుకుంటున్నాం. శుక్రవారం ఆఫీసు అవ్వగానే బయల్దేరితే తెల్లారేసరికి అక్కడుంటాం, సోమవారం రాత్రికి మళ్ళీ ఇంట్లో. దారిలో చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా? ఇక్కడి లైసెన్స్ ఇంకా తీసుకోలేదు, ఇండియాదే ఉంది.

టూంగాబీ నుంచి:

తమ్ముడూ, ముందు ఆ శుక్రవారం రాత్రి సంగతి మర్చిపో. హ్యూమ్ హైవే మీద దాదాపు 880 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకపోయినా తొమ్మిది గంటలు, అదీ రోజంతా పనిచేసి వచ్చి నువ్వొక్కడివే నడపాలి. నేనూ కొత్తలో హైదరాబాద్–వైజాగ్ నైట్ బస్సు లెక్కేసుకుని ఇలాగే బయల్దేరాను. హోల్‌బ్రూక్ అనే ఊరు దాటాం, ఇంకా పూర్తిగా తెల్లారలేదు, ఎడమ పక్క గడ్డిలోంచి కంగారూ ఒక్క గెంతు గెంతింది. బ్రేక్ తొక్కాను గానీ అప్పటికే అయిపోయింది. బంపర్ లోపలికి పోయి, రేడియేటర్ పగిలి పచ్చటి కూలెంట్ రోడ్డు మీద కారుతుంటే మా ఆవిడ ఒళ్ళో జంతికల డబ్బా అలాగే పట్టుకుని కూర్చుంది, మాట లేదు. టో ట్రక్ రావడానికి మూడు గంటలు. రాత్రిపూట ఊరి బయట జంతువుని గుద్దితే ఇన్సూరెన్స్ రాదని అద్దె కంపెనీ వాళ్ళు కాగితం చూపించారు, నేను చదవకుండా సంతకం పెట్టిన కాగితమే. పొద్దుగూకే వేళ, తెల్లవారే వేళ అవి రోడ్డెక్కుతాయి. చీకటి పడేసరికి హోటల్లో ఉండేలా చూసుకో.

ఇంకో మాట. హ్యూమ్ రోడ్డు ఎంత బాగుంటుందంటే దాని మీద ఏమీ కనిపించదు. 2013లో హోల్‌బ్రూక్‌కి కూడా బైపాస్ వేసేశాక దారిలో ఒక్క ఊళ్ళోంచి కూడా వెళ్ళక్కర్లేదు. పనిగట్టుకుని ఎగ్జిట్ తీసుకుంటే తప్ప మీ అమ్మానాన్న చూసేది గడ్డి, గొర్రెలు, లారీలు. అందుకే మూడు రోజులూ వెళ్ళడానికే పెట్టు, మెల్‌బోర్న్‌లో కారు ఇచ్చేసి ఫ్లైట్‌లో తిరిగి రా. ఒకవైపు అద్దెకి కొంచెం ఎక్కువ పడుతుంది, పడనీ.

శనివారం పొద్దున్నే హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళండి. 1985 నాటి గుడి, సిడ్నీకి దక్షిణాన కొండ మీద చెట్ల మధ్య ఉంటుంది. వీకెండ్ కాబట్టి క్యాంటీన్‌లో దోసె తిని, పిక్టన్ రోడ్ మీదుగా హ్యూమ్ ఎక్కొచ్చు. గోల్‌బర్న్‌లో పదిహేను మీటర్ల కాంక్రీటు పొట్టేలు ఉంది, ఫొటోకి పది నిమిషాలు చాలు. అక్కడి నుంచి కాన్‌బెర్రా గంట ప్రయాణం. సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా కామన్వెల్త్ పార్కులో ఫ్లోరియాడ్ అనే పూల పండుగ నడుస్తుంది, పగలు టికెట్ ఉండదు. ట్యులిప్ మళ్ళు చూసి మీ అమ్మగారు అక్కడి నుంచి కదిలితే గొప్పే. రాత్రి అక్కడే ఉండండి, చలేస్తుంది, స్వెటర్లు పైనే పెట్టుకోండి.

ఆదివారం తెల్లవారుజామున గడియారం గంట ముందుకి జరుగుతుంది, ఆ వీకెండే డేలైట్ సేవింగ్ మొదలు. అందుకని అలారం ఫోన్‌లో పెట్టుకో, నాన్నగారి వాచీని నమ్ముకోకు. యాస్ దాటాక కొన్నిచోట్ల కనోలా చేలు పూసి ఉంటాయి, మన ఆవచేల పసుపే. గండగై ఇంకా ఎనిమిది కిలోమీటర్లుందనగా టకర్‌బాక్స్ కుక్క విగ్రహం, అంటే తిండి పెట్టె మీద కూర్చున్న కుక్క. దాని కథ పిల్లలకి నచ్చుతుంది, పెద్దవాళ్ళకి బాత్‌రూమ్ పనికొస్తుంది. గండగైకి ముందు కూలాక్ నుంచి సగటు వేగం కొలిచే కెమెరాలున్నాయి, 2025లో కార్లకి కూడా ట్రయల్‌గా మొదలుపెట్టారు. కెమెరా కనబడ్డప్పుడు బ్రేక్ వేసి తర్వాత లాగించడం అక్కడ కుదరదు.

నాకు ఈ దారిలో అన్నిటికన్నా ఇష్టం హోల్‌బ్రూక్. ఊరి మధ్య పచ్చగడ్డిలో తొంభై మీటర్ల సబ్‌మెరైన్, ఓట్వే దాని పేరు, నీటి పైన కనబడే భాగం మాత్రమే ఉంచారు. వైజాగ్ బీచ్‌లో కురుసుర ఉందంటే అర్థం ఉంది, సముద్రం పక్కనే. ఇక్కడ సముద్రం ఎక్కడో ఉంటుంది! ఈ ఊరి పేరు ఒకప్పుడు జర్మన్‌టన్. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పేరు గిట్టక, టర్కీ యుద్ధనౌకని ముంచిన సబ్‌మెరైన్ కమాండర్ హోల్‌బ్రూక్ పేరు 1915లో పెట్టుకున్నారు. రాత్రికి ఆల్బరీ. సోమవారం గ్లెన్‌రోవన్‌లో ఆగితే పేరుమోసిన బందిపోటు నెడ్ కెల్లీని 1880లో పట్టుకున్న చోటు చూడొచ్చు, అతని ఇనప కవచం మాత్రం మెల్‌బోర్న్ స్టేట్ లైబ్రరీలో ఉంది. మధ్యాహ్నానికి మెల్‌బోర్న్.

నీది టెంపరరీ వీసా అయితే లైసెన్స్‌కి భయం లేదు. ఆ వీసా మీద ఇక్కడ ఉండేవాళ్ళు బయటి దేశం లైసెన్స్‌తో ఆరు నెలలు నడపొచ్చు, 2023 జులై నుంచి ఇదే రూల్. వచ్చాక మాత్రం టెస్టులకి బద్ధకించకు.

టార్నిట్ (మెల్‌బోర్న్) నుంచి:

అన్నయ్య చెప్పినవన్నీ నిజమే గానీ అసలుది చెప్పలేదు. వెనక సీట్లో అమ్మగారి బెల్టు చూసుకో బాబూ. మా అత్తయ్య మెడకి ఒరుసుకుంటోందని బెల్టుని చంక కింద నుంచి లాగి కూర్చునేది, పట్టుచీర నలగకుండా. బెల్టు సరిగ్గా లేకపోతే డ్రైవర్‌కి ఫైన్. న్యూ సౌత్ వేల్స్‌లో 2024 జులై నుంచి డ్రైవింగ్‌లో ఫోన్ వాడేవాళ్ళని పట్టే కెమెరాలే బెల్టునీ చూస్తున్నాయి, లాంగ్ వీకెండ్ అంటే తప్పు చేస్తే లైసెన్స్ మీద పడే డీమెరిట్ పాయింట్లు రెట్టింపు. ఒక మెత్తటి కండువా బెల్టుకి చుట్టి ఇస్తే ఆవిడ ఊరుకుంటుంది.

వెస్ట్‌మీడ్ నుంచి:

అన్నా, అక్కా, థాంక్స్. శుక్రవారం రాత్రి ప్లాన్ మానేశాం. మంగళ, బుధవారాలు సెలవు అడిగాను. సబ్‌మెరైన్ అనగానే నాన్న ఇప్పుడే బయల్దేరదామంటున్నారు, ఆయన కురుసుర రెండుసార్లు చూశారట. ఒక్కటే డౌట్, ఇద్దరూ బయట తినరు. దారిలో ఎలా?

టూంగాబీ నుంచి:

మొదటిరోజు పులిహోర, రెండోరోజుకి పెరుగన్నం ఐస్ బాక్సులో. కాన్‌బెర్రాలో వంటగది ఉన్న రూమ్ తీసుకుంటే ఆదివారం పొద్దున అమ్మగారే అన్నం వండేస్తారు, చిన్న కుక్కర్ డిక్కీలో వేసుకో. సెలవుల్లో డ్రైవర్ రివైవర్ అని బోర్డులుంటాయి, అక్కడ వాలంటీర్లు టీ, బిస్కెట్లు ఊరికే ఇస్తారు. మన టీ కాదు, వేడినీళ్ళలో సంచీ ముంచినది. టీపొడి, అల్లం వేసి ఒక ఫ్లాస్కు ఇంటి నుంచే పట్టుకెళ్ళు.