లెవర్‌కూసెన్ 2023-24: 51 మ్యాచ్‌లు ఓడని జట్టు డబ్లిన్‌లో ఎందుకు కూలింది?

రైట్‌వింగ్ (ప్రశ్న):

జర్మన్ ఫుట్‌బాల్ క్లబ్ బయర్ లెవర్‌కూసెన్ 2023-24 సీజన్ హైలైట్స్ అన్నీ చూశాను. ఇప్పుడు పూర్తి మ్యాచ్‌లు చూద్దామనుకుంటున్నాను. జర్మన్ లీగ్ బుండెస్‌లీగాను ఒక్క ఓటమీ లేకుండా గెలిచారు, జర్మన్ కప్ కూడా గెలిచారు, యూరోపా లీగ్ ఫైనల్లో మాత్రం ఇటలీ జట్టు అటలాంటా చేతిలో 3-0తో ఓడారు. ఇంతవరకూ తెలుసు.

తెలియనివి ఇవీ. ఒకచోట 51 మ్యాచ్‌లంటారు, ఇంకోచోట 53, మరోచోట 35. ఏ లెక్క దేనిది? రెండోది, 90వ నిమిషం దాటాక అన్ని గోల్స్ ఎలా వచ్చాయి? అదృష్టమని కొట్టిపారేసేవాళ్లు చాలామంది. ఆటలోనే ఏదో కారణం ఉందనిపిస్తోంది కానీ ఫలానాదని చూపించలేకపోతున్నాను. మూడోది, ఫైనల్లో ఆ జట్టేనా అన్నట్టు ఆడారు. అలసటా, లేక కోచ్ అలోన్సో ఎత్తుగడ తప్పిందా?

53 మ్యాచ్‌లూ చూసే తీరిక లేదు. ఏవి తప్పకుండా చూడాలో కూడా చెప్పండి.

పాయింట్లపట్టిక:

ముందు లెక్కలు తేల్చేద్దాం. లీగ్ 34, కప్ 6, యూరోపా లీగ్ 13, మొత్తం 53. అందులో 43 గెలుపులు, 9 డ్రాలు, 1 ఓటమి. ఆ ఒక్క ఓటమి 52వ మ్యాచ్‌లో, 2024 మే 22న డబ్లిన్‌లో జరిగిన యూరోపా ఫైనల్లో. దానికి ముందువి 51. మూడు రోజుల తర్వాత బెర్లిన్‌లో గెలిచిన కప్ ఫైనల్ 53వది. అంతకుముందు వాళ్లు ఓడింది 2022-23 సీజన్ ఆఖరి రోజున, బోఖుమ్‌లో 3-0తో. అంటే ఆ 51 మ్యాచ్‌లూ ఒకే సీజన్‌వి, పాత సీజన్ నుంచి అరువు తెచ్చుకున్నది ఒక్కటీ లేదు.

35 అనేది లీగ్ ఒక్కదాని లెక్క. ఆ సీజన్ 34, తర్వాతి సీజన్ మొదటి మ్యాచ్ ఒకటి. 2024 ఆగస్టు 31న లైప్జిగ్ 3-2తో గెలిచి దాన్ని ఆపింది. ఇంకో సంఖ్య కూడా మీకు ఎదురవుతుంది, 49. 1963-65 మధ్య పోర్చుగల్ క్లబ్ బెన్ఫికా 48 మ్యాచ్‌లు ఓడకుండా ఆడింది. 2024 మే 9న తమ 49వ మ్యాచ్‌లో రోమాతో 2-2 డ్రా చేసుకుని లెవర్‌కూసెన్ దాన్ని దాటింది.

లీగ్‌లో 28 గెలుపులు, 6 డ్రాలు, 90 పాయింట్లు, గోల్స్ 89-24. ఆ ఆరు డ్రాలు ఎవరితోనో చూస్తే సీజన్ చాలావరకు అర్థమవుతుంది. బయర్న్‌తో మ్యూనిక్‌లో 2-2, డోర్ట్‌మండ్‌తో రెండుసార్లూ 1-1, స్టుట్‌గార్ట్‌తో 1-1, 2-2, గ్లాడ్‌బాఖ్‌తో 0-0. అంతే. మిగతా 13 జట్లకూ ఒక్క పాయింట్ కూడా దక్కలేదు. నా దృష్టిలో అజేయం అనే మాట కన్నా ఇదే పెద్ద విషయం. పట్టికలో అడుగున ఉన్న జట్ల దగ్గర పాయింట్లు జారవిడవడం వల్లే టైటిల్స్ చేజారతాయి.

రెండు మూడు విషయాలను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మొత్తం 53 మ్యాచ్‌ల్లో ఒక్కటి కూడా ఎక్స్‌ట్రా టైమ్‌కు వెళ్లలేదు. యూరోపాలో కారబాగ్, మోల్డే, హెకెన్ ఉన్న గ్రూప్‌లో ఆరుకు ఆరూ గెలిచి మొదటి స్థానంలో నిలిచారు కాబట్టి నేరుగా చివరి 16కు వెళ్లారు. రెండో స్థానంలో నిలిచి ఉంటే ఫిబ్రవరిలో ఛాంపియన్స్ లీగ్ నుంచి దిగివచ్చిన జట్టుతో ఇంకో రెండు మ్యాచ్‌లు పడేవి. కప్‌లో కూడా ఆరు మ్యాచ్‌ల్లో బుండెస్‌లీగా ప్రత్యర్థి ఒక్కటే, క్వార్టర్స్‌లో స్టుట్‌గార్ట్. మిగతా ఐదూ కింది డివిజన్లవి: టొయ్టోనియా ఒటెన్‌జెన్, జాండ్‌హౌజెన్, పాడర్‌బోర్న్, ఫోర్టునా డ్యూసెల్‌డోర్ఫ్, ఫైనల్లో కైజర్స్‌లౌటర్న్. బయర్న్ రెండో రౌండ్‌లోనే మూడో డివిజన్ జట్టు జార్‌బ్రూకెన్ చేతిలో 2-1తో ఓడి వెళ్లిపోయింది.

హాఫ్‌స్పేస్:

ఆఖరి నిమిషాల గోల్స్ గురించి చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ఆకృతి 3-4-2-1, అంటే వెనక నుంచి ముందుకు ముగ్గురు, నలుగురు, ఇద్దరు, ఒకరు. వెనక కొసునూ, టా, టాప్సోబా. మధ్యలో జాకా, అతని పక్కన పలాసియోస్ లేదా ఆండ్రిచ్. కుడి అంచున ఫ్రింపాంగ్, ఎడమ అంచున గ్రిమాల్దో. ముందు విర్ట్స్, హోఫ్‌మన్, వాళ్లపైన స్ట్రైకర్ బోనిఫేస్. కాగితం మీద ఈ అంచు ఆటగాళ్లు (వింగ్‌బ్యాక్‌లు) ఇద్దరూ ఒకటే, మైదానంలో కాదు. ఫ్రింపాంగ్ గీతను పట్టుకుని ప్రత్యర్థి డిఫెన్స్ లైన్ వరకూ వెళ్లి నిలబడతాడు, దాదాపు వింగర్. గ్రిమాల్దో లోపలికి జరిగి మిడ్‌ఫీల్డ్‌లో అదనపు మనిషి అవుతాడు. బెన్ఫికా నుంచి ఫ్రీగా వచ్చిన ఎడమ వింగ్‌బ్యాక్ లీగ్‌లో 10 గోల్స్ కొట్టాడంటే కారణం ఇదే.

బంతి చేతికొచ్చాక వీళ్లు తొందరపడరు. ఐదు నుంచి పది మీటర్ల పాస్‌లు, వెనక్కి, పక్కకి, మళ్లీ వెనక్కి. చూసేవాళ్లకు విసుగనిపిస్తుంది, కానీ అది ఎర. ప్రత్యర్థి ఒక్క మనిషి బంతి లాక్కోవడానికి (ప్రెస్) లైన్ వదిలి ముందుకొస్తే అతని వెనక ఖాళీలో విర్ట్స్ బంతి అందుకుంటాడు. ఎవరూ రాకపోతే పాస్‌లు సాగుతూనే ఉంటాయి. మనుషులు దగ్గరదగ్గరగా ఉంటారు కాబట్టి బంతి పోయినా చుట్టూ ముగ్గురు మూసేసి నాలుగైదు సెకన్లలో వెనక్కి తెచ్చుకుంటారు.

దీని ఫలితం 70వ నిమిషం తర్వాత కనిపిస్తుంది. గంటకు పైగా బంతి లేకుండా పక్కలకు జరుగుతూనే ఉన్న డిఫెన్స్ కాళ్లు బరువెక్కుతాయి, ఒక అడుగు ఆలస్యంగా కదులుతాయి. సరిగ్గా అప్పుడే అలోన్సో బెంచ్ నుంచి షిక్ లాంటి పొడుగాటి ఫినిషర్‌నో, అడ్లీ లేదా టెల్లా లాంటి పరుగు మనిషినో దింపుతాడు. ఐదు సబ్‌స్టిట్యూషన్లు ఉండటం వల్ల ముందువరుస మొత్తం మార్చేయొచ్చు. జాగ్రత్తగా చూడాల్సింది ఇంకొకటి. వెనకబడి ఉన్నప్పుడు కూడా గాల్లోకి బంతులు బాదరు. 93వ నిమిషంలోనూ అదే పాస్, అదే ఓపిక. మిగతా జట్లు ఆ నిమిషంలో తమ ఆటను వదిలేస్తాయి, వీళ్లు వదల్లేదు.

ఉదాహరణలు కావాలంటే: ఔగ్స్‌బుర్గ్‌లో పలాసియోస్ 90+4 (90 నిమిషాలు దాటాక కలిపిన సమయంలో నాలుగో నిమిషం), లైప్జిగ్‌లో ఇన్‌కాపియే 90+1, కప్‌లో స్టుట్‌గార్ట్ మీద టా 90, హోఫెన్‌హైమ్ మీద ఆండ్రిచ్ 88, షిక్ 90+1. ఇందులో మొదటి రెండూ జనవరివి. అప్పటికి బోనిఫేస్ గాయపడ్డాడు, కొసునూ, టాప్సోబా, అడ్లీ ఆఫ్రికా కప్‌కు వెళ్లారు. ప్రధాన ఆటగాళ్లు లేకుండా వచ్చిన గెలుపులవి. వ్యక్తుల కన్నా పద్ధతి బలంగా ఉందనడానికి నాకు ఇంతకన్నా గట్టి ఆధారం కనపడదు.

డగౌట్:

హాఫ్‌స్పేస్ గారి విశ్లేషణ బాగుంది. కానీ అదృష్టాన్ని పూర్తిగా తీసెయ్యకండి. డోర్ట్‌మండ్‌లో స్టానిషిచ్ 90+7లో తలతో కొట్టింది కార్నర్ నుంచి, స్టుట్‌గార్ట్ మీద ఆండ్రిచ్ 90+6లో కొట్టింది పెనాల్టీ బాక్స్ తొక్కిసలాటలోంచి. అవి పాస్‌ల ఓపికతో వచ్చినవి కావు. మళ్లీ ఆడిస్తే పదిసార్లలో ఎన్నిసార్లు పడతాయి?

అసలు సంగతి యూరోప్ నాకౌట్స్‌లో ఉంది. ఫైనల్‌కు ముందు ఆరు నాకౌట్ మ్యాచ్‌లు ఆడితే నాలుగింటిలో వెనకబడ్డారు. బాకూలో కారబాగ్ మీద 0-2 నుంచి 2-2. సొంత మైదానంలో మళ్లీ వాళ్లతోనే 0-2, ప్రత్యర్థి పదిమందితో ఆడుతుంటే ఫ్రింపాంగ్ 72వ నిమిషంలో ఒకటి, షిక్ 90+3, 90+7లో రెండు. లండన్‌లో వెస్ట్‌హామ్ 13వ నిమిషంలోనే ముందుకెళ్లింది, 89లో ఫ్రింపాంగ్ సమం చేశాడు. రోమా రెండు పెనాల్టీలతో 2-0కు వెళ్లింది, 82లో సెల్ఫ్ గోల్, 90+7లో స్టానిషిచ్. లీగ్‌లో అంత బిగువుగా ఆడిన జట్టు యూరోపా ఆడే గురువారం రాత్రుల్లో నెమ్మదిగా మొదలుపెడుతోందని మార్చి నుంచే కనపడుతోంది. ఆ అలవాటుకు డబ్లిన్‌లో మూల్యం చెల్లించారు.

హాఫ్‌స్పేస్:

డగౌట్ గారూ, స్టానిషిచ్, ఆండ్రిచ్ గోల్స్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అయితే ఆ కార్నర్లు, ఫ్రీకిక్‌లు అన్ని వచ్చేది ఆఖరి పావుగంట ఆటంతా అవతలి బాక్స్ దగ్గరే సాగడం వల్ల. అవకాశాల సంఖ్య పెంచుకుంటూ పోతే ఒకటి పడుతుంది.

నెమ్మదిగా మొదలుపెట్టడానికి ఒక కారణం రొటేషన్, అంటే మ్యాచ్‌కో ఆటగాళ్లను మార్చడం. యూరోపాలో గోల్‌కీపర్ కోవార్, లీగ్‌లో హ్రాడెకీ. మిగతా చోట్లా ఇద్దరు ముగ్గురు మారేవారు. చిన్న పాస్‌ల ఆటలో ఎవరు ఎప్పుడు ఎటు కదులుతారో ఒంటికి పట్టి ఉండాలి. ఇద్దరు మారితే మొదటి అరగంట పాస్‌లు అర సెకను ఆలస్యమవుతాయి.

మ్యాన్‌టుమ్యాన్:

ఫైనల్ సంగతి నేను చెప్తాను. అలసట ఉంది. మే 2 నుంచి 25 వరకు 24 రోజుల్లో ఏడు మ్యాచ్‌లు. కానీ అసలు కారణం అది కాదు. ఏప్రిల్ 14న బ్రెమెన్ మీద 5-0తో ఐదు మ్యాచ్‌లు మిగిలుండగానే లీగ్ ఖాయమైంది, ఆ తర్వాత విశ్రాంతి ఇచ్చుకునే వీలు దొరికింది.

అప్పటి కోచ్ గాస్పెరీని నడిపిన అటలాంటా జట్టు మైదానమంతా మనిషికి మనిషిని కట్టేసేది. వాళ్లదీ 3-4-2-1 కావడంతో జోడీలు అచ్చంగా కుదిరాయి: ముగ్గురు డిఫెండర్ల మీద ముగ్గురు ఫార్వర్డ్‌లు, జాకా, పలాసియోస్ మీద చెరొకరు, వింగ్‌బ్యాక్ మీద వింగ్‌బ్యాక్. పైన చెప్పిన ఎర ఇక్కడ పనిచేయదు. ఎర పనిచేయాలంటే ప్రత్యర్థి ఒక జోన్ వదిలి రావాలి. అటలాంటా కాపాడేది జోన్‌ను కాదు, మనిషిని. ఎవరికి పాస్ ఇచ్చినా వీపు మీద ఒకడు ముందే ఉన్నాడు.

ఇలాంటి మార్కింగ్‌కు విరుగుడు రెండే. ఒకటి, డ్రిబుల్‌తో తన మనిషిని దాటడం. రెండు, పొడవైన బంతిని వీపుతో ఆపి నిలబెట్టే స్ట్రైకర్. అలోన్సో అసలు స్ట్రైకర్ లేకుండా మొదలుపెట్టాడు. బోనిఫేస్, షిక్ ఇద్దరూ బెంచ్ మీద, ముందు అడ్లీ. మార్కర్లను లాగి చెల్లాచెదురు చేయాలన్న ఆలోచన అయ్యుండాలి. జరిగింది వేరు: ఒత్తిడిలో ముందుకు కొట్టిన బంతి నిలవలేదు, వెంటనే తిరిగొచ్చింది.

గోల్స్ మూడూ అటలాంటా ఫార్వర్డ్ లుక్‌మన్‌వే. 12వ నిమిషంలో జప్పకోస్టా నేలబారు క్రాస్ వేస్తే పలాసియోస్ వెనక నుంచి వస్తున్న లుక్‌మన్‌ను గమనించలేదు. 26లో జాకా కాళ్ల మధ్య నుంచి బంతి పోనిచ్చి దూరపు మూలకు వంచాడు. 75లో కౌంటర్ (ఎదురుదాడి), టాప్సోబాను దాటి ఎడమ కాలితో పైకి బాదాడు. మొదటిది ఏమరుపాటు, తర్వాతి రెండూ ఒకరితో ఒకరు తలపడిన పోరులో ఓటమి. మనిషికి మనిషి ఆటలో తేలేది సరిగ్గా అక్కడే.

రైట్‌వింగ్:

చాలా థాంక్స్ అండీ, జోడీల సంగతి చదివాక మొదటి అరగంట మళ్లీ చూశాను, అంతా అలాగే ఉంది. బోనిఫేస్‌ను మొదటి నుంచీ ఎందుకు ఆడించలేదు? లీగ్‌లో 14 గోల్స్ కొట్టినవాడు కదా.

మ్యాన్‌టుమ్యాన్:

జనవరిలో తొడ లోపలి కండరం గాయంతో ఆఫ్రికా కప్‌కు దూరమై ఏప్రిల్‌లో గానీ తిరిగి రాలేదు. ఫైనల్లో సెకండ్ హాఫ్‌కు దించారు, ఆట కొంచెం కుదుటపడింది కూడా, కానీ అప్పటికే 2-0. నా మటుకు నేను మొదటి నుంచీ దించేవాణ్ణి, అరవై నిమిషాలకే ఒళ్లు సహకరించకపోయినా సరే.

పాయింట్లపట్టిక:

ఏవి చూడాలని అడిగారుగా. ఐదు చాలు, ఈ వరుసలో.

2024 ఫిబ్రవరి 10, బయర్న్ మీద 3-0. పద్ధతి అంతా ఒకే మ్యాచ్‌లో ఉంది. మొదటి గోల్ కొట్టిన స్టానిషిచ్ అప్పుడు బయర్న్ నుంచి అప్పుగా వచ్చినవాడే. దానికి నాలుగు రోజుల ముందు స్టుట్‌గార్ట్‌తో ఆడిన కప్ క్వార్టర్ ఫైనల్, 3-2. రెండుసార్లు వెనకబడి గెలిచారు. ఆ సీజన్‌లో జర్మనీలో జరిగిన మంచి మ్యాచ్‌లలో అదొకటి. తర్వాత రోమ్‌లో 2-0, మే 2న. బయటి మైదానంలో ఎంత నింపాదిగా ఆడగలరో చూడొచ్చు. నాలుగోది డబ్లిన్.

ఐదోది బెర్లిన్ కప్ ఫైనల్. 17వ నిమిషంలో జాకా దూరం నుంచి కొట్టిన గోల్, 44వ నిమిషంలో కొసునూ రెండో ఎల్లోతో బయటికి. ఆ తర్వాత సెకండ్ హాఫ్ మొత్తం పదిమందితో 1-0ను కాపాడుకున్నారు. ఫైనల్ ఓడి మూడు రోజులే అయింది, కాళ్లలో తొమ్మిది నెలల బరువుంది. హైలైట్స్‌లో ఒక గోల్, ఒక రెడ్ కార్డు తప్ప ఏమీ కనపడదు. 46వ నిమిషం నుంచి పూర్తిగా చూడండి, పదిమంది అయ్యాక మిడ్‌ఫీల్డ్ లైన్ ఎంత వెనక్కి జరిగిందో, జాకా ఎక్కడ నిలబడ్డాడో గమనించండి.