చేదు చాక్లెట్‌కు మగవారి పేరెందుకు?

ప్రశ్న (కావలి): కొన్నేళ్ల క్రితం మా బావగారు విదేశం నుంచి తెచ్చిన వాటిలో, సన్నని బిస్కెట్ పుల్లలకు నల్లని చేదు చాక్లెట్ పూసిన ఆకుపచ్చ పెట్టె ఒకటి ఉండేది. దాని మీద ‘మెన్స్ పాకీ’ అని ఉంది. తీరా చూస్తే, పంచదార లేని కాఫీ తాగే మా అమ్మగారే సగం ఖాళీ చేశారు. దానికి ఆ పేరెందుకు పెట్టి ఉంటారు?

జవాబు (ఒంగోలు): పాకీని జపాను సంస్థ గ్లికో 1966లో పాల చాక్లెట్‌తో మొదలుపెట్టింది. తీపి ఆడవారిదీ పిల్లలదీ అనే భావన అక్కడ బలంగా ఉన్నందున, కొనడానికి మొహమాటపడే మగవారికి చేదు రుచి ఒక సాకుగా పనికివచ్చిందని నా అభిప్రాయం. ఫిబ్రవరి 14న అక్కడ ఆడవారే మగవారికి చాక్లెట్లు ఇస్తారు. మనసిచ్చినవారికి ఇచ్చేది ‘హొన్మెయ్’, తోటి ఉద్యోగులకు మర్యాద కొద్దీ ఇచ్చేది ‘గిరి’. మార్చి 14న మగవారు బదులు తీర్చుకునే వైట్ డేను ప్రచారంలోకి తెచ్చింది మిఠాయి వ్యాపారులే. ఈ మర్యాద చాక్లెట్ల ఆనవాయితీ మానుకోమని 2018లో గొడైవా అనే చాక్లెట్ సంస్థే పత్రికా ప్రకటన ఇవ్వడం విడ్డూరం.

జవాబు (నెల్లూరు): మనం మాత్రం తక్కువ తిన్నామా? ఆడపిల్ల పెద్దమనిషైతే నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేసి పెడతారు. పక్కనే కూర్చున్న తమ్ముడు చేయి చాపితే, ‘అది అక్కకు రా’ అని మా నాయనమ్మ గిన్నె లాక్కునేది. మలై కాజాకు మాత్రం ఆ పట్టింపు లేదు.

ప్రశ్న అడిగినవారు: మా ఇంట్లోనూ చిమ్మిలి ముద్దలు నాకు దొంగచాటుగానే దక్కాయండీ.