అరటికి ఎండు తెగులు తట్టుకునే జన్యువు పెడితే తప్పేంటి?

పెన్నాగట్టు రైతు:
పోయిన ఏడు మా నాన్న పెట్టిన అమృతపాణి తోట సగం ఎండు తెగులుకి పోయింది. కింది ఆకులు పసుపెక్కి బోదె చుట్టూ వేలాడిపోయాయి, మొదలు దగ్గర బోదె నిలువునా చీలింది, దుంప కోసి చూస్తే తెల్లగా ఉండాల్సిన చోట ఇటుకరంగు చారలు. కార్బెండజిమ్ అనే తెగులు మందు పోశాం, ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజుని పశువుల ఎరువులో కలిపి వేశాం, ఒక్క చెట్టూ కోలుకోలేదు. ఈ బూజు నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది, పీకేసి మళ్లీ అక్కడే అరటి పెట్టే దారి లేదు. ఆస్ట్రేలియాలో జేమ్స్ డేల్ అనే శాస్త్రవేత్త బృందం అడవి అరటిలోని జన్యువు తీసి మరో అరటి రకం కావెండిష్‌లో పెట్టింది, 2024లో అక్కడ అనుమతి కూడా వచ్చింది. మనకెందుకు వద్దు?

కందుకూరు:
అన్నా, నీ నష్టం చూస్తే బాధగానే ఉంది. కానీ 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు కూడా ఇలాగే అన్నారు. మొదట్లో పురుగు ఆగిన మాట నిజమే, తర్వాత గులాబీరంగు పురుగు దానికి తట్టుకోవడం నేర్చింది, విత్తనం మాత్రం ఏటా కొంటూనే ఉన్నారు. పక్క తోటలో పిలక తవ్వి తెచ్చుకునే పంట మనది. రేపు పిలకకి కూడా కంపెనీ వచ్చి లెక్క అడిగితే?

అగ్రి స్టూడెంట్:
ఎండు తెగులు బూజులోని రెండు రకాలని ఒకటిగా చూస్తున్నారు. అమృతపాణిని చంపేది రేస్ 1 అనే రకం. 1950ల్లో గ్రాస్ మిషెల్ అనే ఎగుమతి రకాన్ని తుడిచిపెట్టింది అదే, దాన్ని తట్టుకుంటుందనే కావెండిష్‌కి మారారు. ఆ కావెండిష్‌నీ చంపేది టీఆర్4 అనే ఇంకో రకం, అది బిహార్, యూపీ, గుజరాత్‌లలో ఇప్పటికే ఉంది. ఆస్ట్రేలియా అరటి టీఆర్4 కోసం చేసింది, కాబట్టి అన్న తోటకి అది నేరుగా మందు కాదు. మన దగ్గర వేసే జీ-9 అరటి కావెండిష్ రకమే, ఆ తెగులు ఇటు దిగితే అప్పుడు అందరికీ టెన్షనే. ఇంకోటి, కావెండిష్ కాయలో గింజ కట్టదు, పుప్పొడితో పక్క తోటకి జన్యువు పాకుతుందన్న భయం పత్తికున్నంత దీనికి లేదు.

పెన్నాగట్టు రైతు:
రేస్ సంగతి నాకు తెలీదు, చెప్పినందుకు థ్యాంక్స్ తమ్ముడూ. అయితే నేనడిగేది ఇదే: తిరుచ్చిలో జాతీయ అరటి పరిశోధన కేంద్రం ఉంది కదా, మన అమృతపాణికి, చక్కెరకేళికి సరిపడే మొక్కని ప్రభుత్వమే చేసి ఇవ్వాలి. జీ-9 టిష్యూ కల్చర్ మొక్కలు ఇప్పుడు డబ్బులిచ్చే కొంటున్నాం, కందుకూరు అన్నా, కొనడం మనకి కొత్త కాదు. విత్తనం దాచుకునే, పంచుకునే హక్కు 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టంలోనే రైతుకి ఉంది, బ్రాండ్ పేరుతో అమ్మకూడదు అంతే. ఆ ఎకరంలో ఈసారి వరి వేశాం, నీళ్లు నిలబెడితే బూజు కొంత తగ్గుతుందని. పార, కొడవలి ఆ మట్టితో పక్క మడిలోకి తేనివ్వడం లేదు. అన్నా, ప్రభుత్వమే అలాంటి పిలక ఇస్తే తీసుకుంటావా?

కందుకూరు:
జన్యువు మార్చిన పిలక అని ముందే చెప్పి, మన నేలలో రెండు మూడు పంటలు పండించి చూపించి ఇస్తే తీసుకుంటా. చెప్పకుండా అంటగడితే తీసుకోను.