మెడికల్ డివైస్ కంపెనీ డీసీఎఫ్: నాకు షేరుకి 577 వస్తోంది, మార్కెట్లో 310. తప్పెక్కడ?

పాలకొల్లు కాలవగట్టు:
నమస్కారమండి. గుండెకు వేసే స్టెంట్లు, కాథెటర్లు తయారుచేసే ఒక లిస్టెడ్ కంపెనీకి ఎక్సెల్‌లో డీసీఎఫ్ (రాబోయే ఏళ్ల డబ్బుని నేటి విలువకి మార్చి కంపెనీ వెల కట్టే లెక్క) కట్టాను. పేరు వద్దులెండి, టిప్ అనుకుంటారు. అంకెలు కూడా గుండ్రం చేసే ఇస్తున్నాను. పోయినేడు అమ్మకాలు 500 కోట్లు. ఐదేళ్లు ఏటా 15% పెరుగుదల, ఎబిట్ (వడ్డీ, పన్నుకి ముందు లాభం) మార్జిన్ 20%, పన్ను 25.17%. తరుగుదల, కొత్త మెషిన్ల ఖర్చు ఒకదానికొకటి చెల్లు అనుకుని రెండూ వదిలేశాను. డిస్కౌంట్ రేటు (రేపటి డబ్బుని నేటి విలువకి తగ్గించే రేటు) 11%, టెర్మినల్ గ్రోత్ (ఐదేళ్ల తర్వాత ఎప్పటికీ ఉండే పెరుగుదల) 6%. ఐదేళ్ల డబ్బు నేటి విలువ 416 కోట్ల పైచిలుకు, టెర్మినల్ 1,893 పైచిలుకు, వెరసి 2,310. నాలుగు కోట్ల షేర్లతో భాగిస్తే 577. కొనేయొచ్చా, లెక్కలో బొక్కుందా?

కాకినాడ లెడ్జర్:
బొక్కేనండి. మీరు డిస్కౌంట్ చేసింది పన్ను పోగా మిగిలే లాభాన్ని, చేతికొచ్చే డబ్బును కాదు. చెరువులకి మేత అప్పుగా పోసి పట్టుబడి దాకా ఆగే డీలరుని అడగండి, పుస్తకంలో లాభానికీ గల్లాపెట్టెలో డబ్బుకీ తేడా చెబుతాడు.

స్టెంట్ల వ్యాపారంలో అది ఇంకా ఎక్కువ. వ్యాసం 2.25 మి.మీ. నుంచి 4 మి.మీ. దాకా, ఒక్కో వ్యాసంలో మళ్లీ ఏడెనిమిది పొడవులు. రక్తనాళం చూశాక గానీ డాక్టరు ఏ సైజు కావాలో చెప్పలేరు, కాబట్టి అన్నీ క్యాథ్ ల్యాబ్ (గుండె రక్తనాళాలకి చికిత్స చేసే గది) అరలో సిద్ధంగా ఉండాలి. వాడిన రోజునే బిల్లు. అప్పటిదాకా కాకినాడ అరలో ఉన్నా రాజమండ్రి అరలో ఉన్నా అది కంపెనీ సరుకే. గడువు దాటితే రైటాఫ్, అంటే నష్టం కింద కొట్టేయడమే. వాడాక కూడా, ప్రభుత్వ పథకం కింద చేసిన కేసైతే ఆసుపత్రికి డబ్బు రావాలి, ఆసుపత్రి డిస్ట్రిబ్యూటర్‌కివ్వాలి, ఆ తర్వాత కంపెనీకి.

రావలసిన బాకీలు, సరుకు నిల్వ కలిపి, అందులోంచి మనం ఇవ్వాల్సిన బాకీలు తీసేసి అమ్మకాలతో భాగించండి. 35% అనుకుందాం. మొదటి ఏడు అమ్మకాలు 75 కోట్లు పెరిగితే 26.25 కోట్లు అందులోనే ఇరుక్కుంటాయి. మెషిన్ల ఖర్చు అమ్మకాల్లో 8%, తరుగుదల 5% అయితే మరో 3%, అంటే మొదటి ఏటి 575 కోట్ల అమ్మకాల మీద 17.25 కోట్లు. ఆ ఏడు పన్ను పోను మీకొచ్చే 86.05 కోట్ల లాభంలో చేతికొచ్చేది 42.55. ఇలా ఐదేళ్లూ కడితే 416 కాస్తా 206 అవుతుంది. అరిగిపోయినంతే కొత్త మెషిన్లు కొంటూ ఐదేళ్లలో అమ్మకాలు రెట్టింపు చేసే ఫ్యాక్టరీ ఎక్కడుందండీ?

ఇంకోటి. కొత్త డివైస్ అభివృద్ధికీ, అనుమతులకీ పెట్టిన ఖర్చులో కొంత లాభనష్టాల్లో చూపకుండా ఇంటాంజిబుల్ (కంటికి కనబడని) ఆస్తుల్లో వేస్తారు. అది పెట్టిన ఏడు మొత్తంగా ఎబిట్‌లో కనబడదు, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో దొరుకుతుంది. మెషిన్ల ఖర్చులో కలుపుకోండి.

పాలకొల్లు కాలవగట్టు:
మార్చి 31 బ్యాలెన్స్ షీట్ ఒక్కటీ చూస్తే సరిపోతుందా?

కాకినాడ లెడ్జర్:
సరిపోదు. ఏడాది ఆఖర్లో పరుగులెత్తి వసూలు చేస్తారు, బిల్లులు బ్యాంకులో డిస్కౌంట్ చేస్తారు (గడువుకి ముందే కొంత తగ్గించుకుని డబ్బు తీసుకోవడం). సెప్టెంబరు 30 బ్యాలెన్స్ షీట్ కూడా తీసుకుని, మూడేళ్ల సగటు కట్టండి. డిస్కౌంట్ చేసిన బిల్లులు కంటింజెంట్ లయబిలిటీస్ (మీద పడొచ్చేమో అన్న బాకీలు) నోట్‌లో ఉన్నాయేమో చూసి, ఉంటే బాకీల్లోకి మళ్లీ చేర్చండి.

తణుకు గోస్తనీ:
అసలు రోగం టెర్మినల్‌లో ఉంది. మీ విలువలో 82% అదే. పైసా పెట్టుబడి లేకుండా ఎప్పటికీ 6% పెరుగుతుందని రాశారు. గ్రోత్ 5%, కొత్త పెట్టుబడి మీద రాబడి 20% అనుకుంటే లాభంలో నాలుగో వంతు తిరిగి పెట్టాల్సిందే (5ని 20తో భాగించండి). ఆరో ఏటి లాభం 158 కోట్లు, అందులో 118.5 మిగులు. 11లోంచి 5 తీసేసి 6%తో భాగిస్తే 1,975, నేటి విలువ 1,172. దానికి 206 కలపండి, 1,378.

అప్పు తీసేయడం మర్చిపోయారు. చేతిలో నగదు పోను 60 కోట్లుందనుకుంటే (లీజు బాకీలు కూడా అందులోకే), షేర్‌హోల్డర్లకి 1,318. ఈసాప్‌లు (ఉద్యోగులకి ఇచ్చే షేర్లు) కలిపితే షేర్లు నాలుగు కాదు, 4.1 కోట్లు. షేరుకి 322. డిస్కౌంట్ రేటు ఒక్క శాతం పెంచి 12 చేస్తే 269. అందుకే నేను ఒక్క అంకె ఎప్పుడూ చెప్పను, రేటూ గ్రోతూ అటూ ఇటూ వేసిన పట్టిక చూస్తాను.

డిస్కౌంట్ రేటు అమెరికా వీడియో చూసి 9% పెట్టేవాళ్లున్నారు. రూపాయల డబ్బుకి డాలర్ల రేటు వాడితే విలువ ఉబ్బిపోతుంది. మన పదేళ్ల ప్రభుత్వ బాండు దగ్గర మొదలుపెట్టాలి.

కాకినాడ లెడ్జర్:
స్టెంట్ల కంపెనీ అన్నారు కాబట్టి ధరల పరిమితి సంగతి. 2017 ఫిబ్రవరిలో ఎన్‌పీపీఏ (మందుల ధరలు నియంత్రించే కేంద్ర సంస్థ) మందు పూత స్టెంటుకి 29,600 రూపాయలు, మామూలు లోహపు స్టెంటుకి 7,260 అని గరిష్ఠ ధర పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకీ పెట్టారు. ఈ భయంతో డిస్కౌంట్ రేటు రెండు శాతం పెంచేయకండి, రేటు పెంచితే పరిమితి తగలని సరుకునీ శిక్షించినట్టే. వేరే షీటు తీసి, ఐదేళ్ల పెట్టుబడి అవసరాలు, టెర్మినల్‌లో నాలుగో వంతు లెక్క అలాగే ఉంచి, మార్జిన్ 20 నుంచి 16కి దించండి. షేరుకి 244 వస్తుంది. అలా జరగడానికి నాలుగింట ఒక వంతు అవకాశం అనుకుంటే, 322లో ముప్పాతిక, 244లో పాతిక కలిపి 302.

పాలకొల్లు కాలవగట్టు:
సెప్టెంబరువి కూడా కలిపి చూశానండి. సగటు 35 కాదు, 41% తేలింది. టెర్మినల్ ముట్టుకోకుండానే 322 కాస్తా 316కి దిగింది, ధరల పరిమితి షీటు ఇంకా వెయ్యనేలేదు. 310లో కొనడానికి ఏం లేదు, వాచ్‌లిస్టులో ఉంచుతున్నా.