అమెరికన్ ఫంక్ బ్యాండు కమోడోర్స్‌ని ప్రేమపాటలు ముంచాయా, గట్టెక్కించాయా?

పాతరికార్డు
ముంచాయనే నా వాదన. 1974 నాటి ‘మెషీన్ గన్’ వినండి. పాడే గొంతే లేదు, మిలన్ విలియమ్స్ క్లావినెట్టే (తీగల శబ్దమిచ్చే ఎలక్ట్రిక్ కీబోర్డు) పాటని ఉరికిస్తుంది. నాలుగేళ్లు తిరిగేసరికి అదే బ్యాండు ‘త్రీ టైమ్స్ ఎ లేడీ’తో అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానమెక్కింది. పియానో, వయొలిన్లు, బ్యాండు గాయకుడు లయనెల్ రిచీ గొంతు, అంతే. మూడు దెబ్బల నడకలో మెల్లగా ఊగే ఆ పాటలో ఈ బ్యాండు వాల్టర్ ఆరెంజ్ లాంటి డ్రమ్మర్‌కి పనేముంది? అలబామాలోని టస్కీగీ కాలేజీ కుర్రాళ్లు 1968లో కట్టుకున్న బ్యాండు, ఒక్క గాయకుడి వెనక ఆర్కెస్ట్రా అయిపోయింది.

డప్పు_లెక్క
వినడానికి బాగానే ఉంది గానీ తేదీలు కుదరట్లేదు సార్. ప్రేమపాటలు 1978లో ఊడిపడినవి కావు. ‘స్వీట్ లవ్’ 1975 ఆల్బమ్‌లోది. ‘జస్ట్ టు బి క్లోజ్ టు యూ’ 1976లో ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులో మొదటి స్థానంలో నిలిచింది. ఇక 1977 ఆల్బమ్ తీయండి: ‘ఈజీ’, ‘బ్రిక్ హౌస్’ రెండూ అందులోవే. హాట్ 100లో మొదటిది 4వ స్థానం, రెండోది 5. ఒక్క మెట్టు తేడా! ఫంక్‌ని (బేస్, డ్రమ్స్ ఉరికించే డాన్స్ సంగీతం) బ్యాలడ్ (మెల్లని ప్రేమపాట) తినేసిందనడానికి ఇక్కడ ఆధారమెక్కడుంది?

పాతరికార్డు
ఆ రెండు పాటల కిందే రాసినవాళ్ల పేర్లు కూడా చూడండి. ‘బ్రిక్ హౌస్’కి ఆరుగురివీ ఉన్నాయి. ‘ఈజీ’కి రిచీ ఒక్కడిదే. ‘త్రీ టైమ్స్ ఎ లేడీ’, ‘స్టిల్’ కూడా అంతే. ఆరుగురు కలిసి వాయిస్తూ వాయిస్తూ పుట్టించే పాటకీ, ఒకడు పియానో ముందు కూర్చుని రాసుకొచ్చే పాటకీ తేడా చార్టు అంకెల్లో కనబడదు. బ్యాండు లోపల మాత్రం కనబడుతుంది.

కీబోర్డ్_అక్క
ఇద్దరూ అంకెలు, పేర్లూ పట్టుకున్నారు, పాట లోపలికి పోలేదు. ‘ఈజీ’ని తేలిక పాటనుకునేవాళ్లు మొదటి వరుసలోనే దొరికిపోతారు. కార్డులు (కలిపి నొక్కే స్వరాలు) ఇవీ: ఎ ఫ్లాట్ మేజర్, సి మైనర్ సెవెన్, బి ఫ్లాట్ మైనర్ సెవెన్, ఆ తర్వాత అదే బి ఫ్లాట్ మైనర్ సెవెన్‌కి బేస్ మాత్రం ఇ ఫ్లాట్. చాలామంది ఆ నాలుగో చోట మామూలు ఇ ఫ్లాట్ సెవెన్ కొట్టేస్తారు. అప్పుడు జి స్వరం వచ్చి పడుతుంది. మన లెక్కలో ఎ ఫ్లాట్ షడ్జమైతే జి కాకలి నిషాదం, చెవిని గట్టిగా షడ్జం వైపు గుంజుతుంది. ఆ నాలుగో చోట అసలు కార్డులో ఆ నిషాదమే లేదు. అందుకే పాట ఎక్కడికీ తొందరపడకుండా తేలుతుంది. ఆ ఒక్క వేలు తప్పితే పాటలోని తీరిక ఆదివారం కాస్తా సోమవారమైపోతుంది.

ఇంకొకటి, మధ్యలో థామస్ మెక్‌లారీ గిటార్ సోలో. శుభ్రమైన టోన్ కాదు, ఫజ్ (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టిన మొరటు శబ్దం. బ్యాండు మొత్తం మెత్తబడిపోయిందనేవాళ్లు ఆ సోలో మళ్లీ వినాలి.

బేస్_బాబాయ్
అక్క చెప్పింది నిజం. లయ సంగతి నేను చెప్తా. ‘బ్రిక్ హౌస్’ నిమిషానికి సుమారు 108 దెబ్బలు, ‘ఈజీ’ 66. అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒకదాంట్లో అర సెకను పైచిలుకు, ఇంకోదాంట్లో 0.9 సెకను. ఫంక్ అలవాటైన చెయ్యి ఆ ఖాళీని భరించలేక ముందుకు తోసేస్తుంది, రెండో చరణానికి 72కి చేరిపోతారు. మందు ఒకటే: చేత్తో దెబ్బ వేసినా వెయ్యకపోయినా, మనసులో ఒక్కో దెబ్బని నాలుగు ముక్కలుగా లెక్కపెడుతూ ఉండాలి.

బేస్‌కి ఇబ్బంది వేరు. ‘బ్రిక్ హౌస్’ ఎక్కువ భాగం ఎ మైనర్ చుట్టూనే తిరుగుతుంది. కార్డులు మారవు కాబట్టి ప్రాణమంతా స్వరం ఎప్పుడు ఆగుతుందన్న దానిలోనే ఉంది. ఎడమ చెయ్యి తీగ మీంచి కాస్త లేపి శబ్దం తెంచాలి. బ్యాలడ్‌లో అదే చెయ్యి కార్డు మారేదాకా నొక్కి ఉంచాలి. అందుకే ఫంక్ వాయించిన చేత్తో వాయించిన బ్యాలడ్ బాగుంటుంది: ఎక్కడ వాయించకూడదో ఆ చేతికి ముందే తెలుసు. ఒకటి రెండోదాన్ని చంపిందంటే నేనొప్పుకోను.

చార్టుపిచ్చి
డిస్కోని అందరూ మర్చిపోతున్నారు. 1979 జులై 12న చికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల్ని పేల్చేశారు. ఆ తర్వాత డాన్స్ పాటలకి అమెరికన్ రేడియోలో చోటు కుంచించుకుపోయింది. అదే ఏడాది నవంబర్‌లో ‘స్టిల్’ హాట్ 100లో మొదటి స్థానం! గట్టెక్కించింది ఏ పాటో మీరే చెప్పండి.

పాతరికార్డు
ఒడ్డుకి చేరింది బ్యాండా, రిచీయా? 1980లో కెన్నీ రోజర్స్‌కి ‘లేడీ’ రాసిచ్చాడు, 1981లో డయానా రాస్‌తో ‘ఎండ్‌లెస్ లవ్’ తొమ్మిది వారాలు పైన కూర్చుంది. 1982లో బ్యాండు వదిలేశాడు. అదే కాలపు ఇంకో బ్యాండు ఎర్త్ విండ్ అండ్ ఫైర్‌ని చూడండి: 1979లో ‘ఆఫ్టర్ ద లవ్ హాజ్ గాన్’ని డేవిడ్ ఫోస్టర్, జే గ్రేడన్, బిల్ చాంప్లిన్ అనే బయటి రచయితల దగ్గర తీసుకున్నారు. బ్యాలడూ వచ్చింది, దానివల్ల బ్యాండులో ఒక్కడే పెద్దన్న కాలేదు.

డప్పు_లెక్క
ఇది ఒప్పుకోవాల్సిన మాటే. అయితే మీ ఫిర్యాదు బ్యాలడ్ మీద కాదు, ఒకే కలం మీద. పైగా 1985లో రిచీ లేకుండానే ‘నైట్‌షిఫ్ట్’ మూడో స్థానానికి వెళ్లింది. అంతకుముందు ఏడాది పోయిన మార్విన్ గే, జాకీ విల్సన్‌ల స్మృతి గీతం. అది పూర్తి ఫంకూ కాదు, పూర్తి బ్యాలడూ కాదు. పాడిందెవరు? ‘బ్రిక్ హౌస్’ పాడిన వాల్టర్ ఆరెంజే, జె.డి. నికొలస్‌తో కలిసి. డ్రమ్మర్‌కి పనేముందన్నారు కదా!

కొత్తవాయిద్యం
వాదన సరే, ‘ఈజీ’, ‘బ్రిక్ హౌస్’ రెండూ మేం ఒకే ప్రోగ్రాంలో పెట్టాలంటే ఏది ముందు? మాకు ట్రంపెట్, సాక్సు ఉన్నాయి.

కీబోర్డ్_అక్క
‘ఈజీ’ ముందు. 108 వేడి మీద 66కి దిగితే బేస్_బాబాయ్ చెప్పిన తొందర తప్పదు. ట్రంపెట్‌ని ఖాళీగా నిలబెట్టకుండా రెండో చరణం నుంచి పొడుగు స్వరాలు సన్నగా పట్టించండి. కానీ చివర్లో పాట అర మెట్టు పైకి, ఎ మేజర్‌కి ఎక్కుతుంది. ట్రంపెట్‌కి స్వరాలు ఒక పూర్తి మెట్టు పైకి రాస్తారు కాబట్టి వాళ్ల కాగితంలో అది రెండు ఫ్లాట్ల నుంచి ఐదు షార్పులకి దూకుడు. అలా పైకెక్కిన వరుసలు విడిగా రాసిచ్చి, విడిగా రిహార్సల్ చేయించండి. స్టేజీ మీద చూసుకుందాం అంటే అక్కడే జారతారు.